పాత లెక్కలు ఆర్కైవ్ చేస్తే డేటాబేస్‌లో ఎంత స్థలం మిగులుతుంది: హనుమకొండ సంస్థ అంచనాపై నా సమాధానం

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీది హనుమకొండలో ప్రధాన కార్యాలయం, జనగామ, నర్సంపేట, మహబూబాబాద్‌లలో శాఖలు ఉన్న ఎరువులు, విత్తనాల పంపిణీ కంపెనీ. బిల్లింగ్, ఖాతాలు, స్టాకు అన్నీ ఒకే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్) డేటాబేస్‌లో ఉన్నాయి, అది 610 జీబీకి చేరింది. 2010 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు పదిహేను ఆర్థిక సంవత్సరాల లావాదేవీలు అందులో ఉన్నాయి కాబట్టి, 2016-17 వరకు ఉన్న ఏడేళ్లవి తీసి ఆర్కైవ్‌లో, అంటే రోజువారీ వాడకానికి బయట భద్రపరిచే చోట, పెడితే పదిహేనులో ఏడు వంతులు, అంటే దాదాపు 285 జీబీ ఖాళీ అవుతుందని మీ మేనేజరు గారు లెక్క వేశారు. కొత్త డిస్కులు కొనాలా వద్దా అన్న నిర్ణయం ఆ అంకె మీద ఆగి ఉంది.

ఆ అంకె మీద ఆధారపడి డిస్కుల కొనుగోలు ఆపవద్దు. మీరు పంపిన టేబుళ్ల జాబితాను బట్టి నా అంచనా 34 జీబీ దగ్గర ఉంది, అంటే మొత్తంలో ఆరు శాతం కూడా కాదు. అందులోనూ ఆర్కైవ్ చేసిన మరుసటి రోజు డిస్కుకు తిరిగి దక్కేది దాదాపు సున్నా. ఈ రెండు విషయాలూ వేర్వేరు కారణాల వల్ల జరుగుతాయి, అందువల్ల విడివిడిగా రాస్తాను.

మొదటి కారణం మీ జాబితాలోనే ఉంది. స్కాన్ చేసిన లారీ రసీదులు, చలాన్లు, డీలర్ల పత్రాలు ఉన్న టేబుల్ 268 జీబీ. లెక్కల్లో ఎవరు ఏం మార్చారో నమోదు చేసే సవరణల లాగ్ 131 జీబీ. ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్లు పోర్టళ్ల నుంచి వచ్చిన సమాధానాలు దాచిన టేబుల్ 58 జీబీ. ఈ మూడూ కలిస్తే 457 జీబీ, అంటే మొత్తంలో నాలుగింట మూడు వంతులు. ఈ మూడింటిలో 2017కు ముందరి రికార్డు ఒక్కటైనా ఉందేమో చూడండి, ఉండే అవకాశం కనబడదు. పత్రాలు స్కాన్ చేసి డేటాబేస్‌లోనే పెట్టడం మీ దగ్గర 2018లో మొదలైందని మీరే రాశారు. అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వే బిల్లు 2018 ఏప్రిల్ 1న వచ్చింది. ఈ-ఇన్వాయిస్ 2020 అక్టోబర్ 1న 500 కోట్ల టర్నోవర్ దాటిన వారితో మొదలై, మెట్లు దిగుతూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటిన వారికి వర్తించింది. సవరణల లాగ్ అయితే, కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదు కావాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన తర్వాత పెరిగినదే. మీ డేటాబేస్ బరువంతా ఈ ఏడెనిమిదేళ్లలో వచ్చి చేరినదే. పాత సంవత్సరాల సంఖ్య చూసి స్థలం పంచడం అంటే, ఇంట్లో ఏడుగురు ఉన్నారు కాబట్టి కరెంటు బిల్లులో పసిపిల్ల వంతు ఏడో భాగం అన్నట్లు ఉంటుంది.

మిగిలినది 153 జీబీ. అందులో బిల్లులవి 64, ఖాతా ఎంట్రీలవి 46, స్టాకు కదలికలవి 29, ఇతరాలు 14. ఆర్కైవ్ లెక్క నిజంగా చేయాల్సింది ఇతరాలు పోగా మిగిలిన 139 జీబీకే. అక్కడ కూడా సంవత్సరాల నిష్పత్తి పనికిరాదు. బిల్లు లైన్ల టేబుల్‌ను దగ్గరగా చూద్దాం, మిగతావి అదే పద్ధతిలో మీరే చేసుకోగలరు.

ఆ టేబుల్ పరిమాణం 26 జీబీ, దాని ఏడు ఇండెక్సులు (రికార్డులను త్వరగా వెతికే సూచికలు) కలిపి 24 జీబీ. మొత్తం 10.8 కోట్ల లైన్లలో 2017 మార్చి 31 వరకు ఉన్నవి 3.6 కోట్లు, అంటే మూడో వంతు. ఏడేళ్లు పదిహేనులో దాదాపు సగమైనా లైన్లు మూడో వంతే ఉండడానికి కారణం మీ వ్యాపారం పెరగడం. ఇప్పుడు ఒక్కో పాత లైను ఎన్ని బైట్లు తీసుకుంటుందో కొలవాలి. పీజీ కాలమ్ సైజ్ అనే ఫంక్షన్‌ను రికార్డు మొత్తానికి వాడితే రికార్డు తలభాగంతో సహా సగటు వస్తుంది, మీరు పంపిన సగటు 212 బైట్లు. పోస్ట్‌గ్రెస్ దాన్ని ఎనిమిది గుణిజానికి సర్దుతుంది కాబట్టి 216, పేజీలో (పోస్ట్‌గ్రెస్ ఫైలును విభజించుకునే ముక్క) దాని చిరునామాకు మరో 4, మొత్తం 220. ఒక పేజీ 8192 బైట్లు, అందులో 24 పేజీ తలభాగానికి పోగా 8168 మిగులుతాయి. 220తో భాగిస్తే పేజీకి 37 లైన్లు పడతాయి. 3.6 కోట్లను 37తో భాగిస్తే సుమారు 9 లక్షల 73 వేల పేజీలు, అంటే 7.4 జీబీ.

లైన్లలో మూడో వంతు అయినవి టేబుల్‌లో 28 శాతమే ఎందుకయ్యాయంటే, కొత్త లైన్లు బరువెక్కాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సరుకు రకాన్ని చెప్పే హెచ్ఎస్ఎన్ కోడ్, సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ, ఐజీఎస్టీ అంటూ కాలమ్‌లు చేరాయి. పాత లైన్లలో ఆ కాలమ్‌లు ఖాళీగా ఉంటాయి, ఖాళీ విలువకు పోస్ట్‌గ్రెస్ ఒక్క బిట్ తప్ప చోటు కేటాయించదు. మిగిలిన 18.6 జీబీని 7.2 కోట్ల కొత్త లైన్లకు పంచి చూడండి, లైనుకు 277 బైట్లు వస్తాయి. ఈ రెండో లెక్క మొదటిదానికి సాక్ష్యం లాంటిది. ఇక్కడ 277కు బదులు 500 వచ్చి ఉంటే, టేబుల్ లోపల చనిపోయిన రికార్డుల (తొలగించిన లేదా మార్చిన పాత రికార్డుల) ఖాళీ చాలా ఉందని అర్థమయ్యేది. ఆ ఖాళీని పీజీస్టాట్‌టపుల్ ఎక్స్‌టెన్షన్‌తో ముందే కొలిచి పక్కన రాసుకోండి. టేబుల్‌ను తిరగరాసినప్పుడు అది కూడా తిరిగి వస్తుంది కానీ, దాన్ని ఆర్కైవ్ ఖాతాలో వేస్తే వచ్చే ఏడాది అంచనా మళ్లీ తప్పుతుంది.

నమూనా తీసేటప్పుడు ఒక జాగ్రత్త. టేబుల్ మొదట్లో ఉన్న పదివేల లైన్లు తీసి సగటు కట్టవద్దు. మన వ్యాపారానికి రుతువులు ఉన్నాయి. వానాకాలం మొదట్లో, జూన్, జూలైలలో, డీలరు ఒక్క బిల్లుకు యూరియా, డీఏపీ, పత్తి విత్తనాలు ఇరవై లైన్లు రాయిస్తాడు, వివరణ గడి ఖాళీగా ఉంటుంది. యాసంగి ముగిశాక వచ్చే వాపసు లైన్లు, క్రెడిట్ నోట్లు తక్కువే అయినా ఒక్కోదానిలో మూడు వాక్యాల కారణం రాసి ఉంటుంది. ప్రతి ఆర్థిక సంవత్సరం నుంచి ఒక జూన్, ఒక ఏప్రిల్ తీసుకుని, లైన్ల సంఖ్యను బట్టి బరువు ఇచ్చి సగటు కట్టండి. ఇంకొకటి, పెద్ద పత్రాలు దాచే కాలమ్ ఉన్న టేబుళ్లకు రికార్డు మొత్తానికి కొలత తీయవద్దు, ఆ కాలమ్‌ను విడిగా కొలవండి. అటువంటి విలువలు టోస్ట్ అనే వేరే టేబుల్‌లో ఉంటాయి, మొత్తం కొలతలో అంకె తారుమారవుతుంది.

ఇండెక్సులకు లైన్ల నిష్పత్తే వాడవచ్చు, ఎందుకంటే కాలమ్‌లు ఎన్ని పెరిగినా ఇండెక్స్ ఎంట్రీ మారదు. 24 జీబీలో మూడో వంతు 8 జీబీ. కాబట్టి ఈ ఒక్క టేబుల్ కింద 15.4 జీబీ. బిల్లు హెడర్లకు ఇదే పద్ధతిలో 4.5, ఖాతా ఎంట్రీలకు సుమారు 14, స్టాకు కదలికలకు 9. మొత్తం 43 జీబీ దరిదాపుల్లో ఉంటుంది.

మరి 34 ఎలా అయింది? పాతవన్నీ ఆర్కైవ్‌కు అర్హం కావు. దీన్ని అంచనాల్లో చాలామంది వదిలేస్తారు, నా ఉద్దేశంలో అసలు పని ఇక్కడే ఉంది. మన డీలరు పంట డబ్బు చేతికొచ్చాక కడతాడు, అది కూడా గుండుగుత్తగా కడతాడు. 2016 జూన్‌లో తీసుకున్న నాలుగు బిల్లులకూ, 2017 వానాకాలంలో తీసుకున్న రెండింటికీ కలిపి 2018 జనవరిలో ఒక రసీదు తెగి ఉంటుంది. ఆ రసీదు మీరు ఉంచుకోవాల్సిన కాలానిది, దానికి ముడిపడిన 2016 బిల్లులను విడదీస్తే డీలరు ఖాతా స్టేట్‌మెంటులో ఆ రసీదు దేనికి సర్దుబాటైందో కనిపించదు. ఒక చోట నేను చూసింది ఇంతకంటే చిన్న ముడి. 2013 నాటి బిల్లులో పైసల సర్దుబాటు వల్ల 3 రూపాయల బాకీ మిగిలింది, అది ఎవరూ మాఫీ రాయలేదు. ఆ మూడు రూపాయలు ఆ బిల్లు హెడర్‌ను, ఇరవై రెండు లైన్లను, వాటి స్టాకు కదలికలను, ఖాతా ఎంట్రీలను, వాపసు నోటును అన్నింటినీ పన్నెండేళ్లుగా తెరిచి ఉంచాయి. ఇటువంటి చిల్లర బాకీలను అకౌంట్స్ వారితో మాట్లాడి ముందే మాఫీ రాయిస్తే అర్హత శాతం గణనీయంగా పెరుగుతుంది, అది సాఫ్ట్‌వేర్ వల్ల అయ్యే పని కాదు. చెక్కు బౌన్స్ కేసులు, డీలర్ల డిపాజిట్లు మాత్రం అలాగే ఉంచాలి. మీ డేటాలో ముడి తెగినవి ఐదింట నాలుగు వంతులు ఉంటాయని అనుకుని 34 అన్నాను. ఈ నాలుగు వంతులు నా ఊహ, మిగతా లెక్కలా కొలిచినది కాదు. ఆ శాతాన్ని ఒక క్వెరీతో తేల్చవచ్చు: పాత బిల్లుకు సంబంధించిన రసీదులు, నోట్లు అన్నీ 2017 మార్చి 31లోపే ఉన్నాయా, బాకీ సున్నా అయిందా అని మాత్రమే అడగండి.

కాలపరిమితి గురించి రెండు మాటలు. 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం ఖాతా పుస్తకాలను వెనుకటి ఎనిమిది ఆర్థిక సంవత్సరాలకు తక్కువ కాకుండా ఉంచాలి. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు అంటుంది, కేసు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. మీరు 2016-17 దగ్గర గీత గీయడం రెండింటికీ సరిపోతుంది, పైగా జీఎస్టీకి ముందరి లెక్కలన్నీ ఒకే పక్కన ఉంటాయి కాబట్టి ఆర్కైవ్‌లో టేబుళ్ల రూపం కూడా సులువు. అయితే ఉంచాలని చట్టం అంటే, నడుస్తున్న డేటాబేస్‌లోనే ఉంచాలని అర్థం కాదు. అడిగినప్పుడు చదివి చూపగలిగితే చాలు. ఈ సంగతి మీ ఆడిటరు గారిని ఒకసారి అడిగి కాగితం మీద పెట్టించుకోండి.

రెండో కారణానికి వస్తాను. రికార్డులు తొలగించినంత మాత్రాన డిస్కులో స్థలం పెరగదు. గోదాములో వెనక వరుస బస్తాలు దింపేస్తే గోదాము చిన్నదవదు, కొత్త బస్తాలు పెట్టుకునే చోటు మాత్రం వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో వాక్యూమ్ అనే మామూలు శుభ్రపరిచే పని ఆ ఖాళీని మళ్లీ వాడుకునేలా గుర్తు పెడుతుంది, ఫైలు చివరన ఉన్న పేజీలు పూర్తిగా ఖాళీ అయితేనే వాటిని కోసి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇస్తుంది. పాత లావాదేవీలు ముందుగా రాసినవి కాబట్టి ఫైలు మొదట్లో ఉంటాయి. చివర్లో ఉన్నవి నిన్నటి బిల్లులు. కోయడానికి ఏమీ ఉండదు.

ఈ పాఠం నాకు పుస్తకంలో దొరకలేదు. చాలా ఏళ్ల కిందట వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు దగ్గరలో ఒక మిర్చి వ్యాపార సంస్థలో పని చేస్తున్నప్పుడు, నలభై శాతం స్థలం మిగులుతుందని యజమానికి మాట ఇచ్చి, శనివారం రాత్రి పాత రికార్డులన్నీ ఒకే లావాదేవీలో తొలగించాను. తొలగింపు కూడా రాతే, ప్రతి పేజీ మార్పూ ముందు డేటాబేస్ తన కోసం రాసుకునే లాగ్‌లోకి (పైన చెప్పిన సవరణల లాగ్ కాదు) వెళుతుంది. చెక్‌పాయింట్ (మార్పులన్నీ డిస్కులోని ఫైళ్లకు చేర్చే ఘట్టం) తర్వాత మొదటిసారి ముట్టిన ప్రతి పేజీ మొత్తంగా కూడా అందులో రాయబడుతుంది. ఆ లాగ్ అందుకుని నకలు ఉంచే రెండో సర్వర్‌తో లింకు ఆ రాత్రి తెగి ఉండడం వల్ల లాగ్ ఫైళ్లు పోకుండా పేరుకుపోయాయి. స్థలం మిగల్చడానికి మొదలుపెట్టిన పనితో సోమవారం తెల్లవారేసరికి డిస్కు నిండిపోయింది. మిర్చి సీజన్, బయట లారీలు, కాంటా దగ్గర బస్తాలు, బిల్లు కొట్టే దారి లేదు. మధ్యాహ్నం దాకా చేతిరాత పట్టీలతో నడిపించారు. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి తొలగింపును పదివేల రికార్డుల చొప్పున ముక్కలు చేసి, మధ్యమధ్యలో లాగ్ డిస్కును చూస్తూ చేస్తాను, మీరూ అలాగే చేయండి. మీ లైన్ల టేబుల్ ఒక్కదానికే 9 లక్షల 73 వేల పేజీల పూర్తి ప్రతులు లాగ్‌లోకి వెళ్తాయి, అంటే 7 జీబీ పైచిలుకు. ఇండెక్సుల శుభ్రత దానికి అదనం.

డిస్కు నిజంగా వెనక్కి కావాలంటే టేబుల్‌ను తిరగరాసే వాక్యూమ్ ఫుల్ ఆదేశం లేదా పీజీ రీప్యాక్ అనే ఎక్స్‌టెన్షన్ వాడాలి. మొదటిది పని అయ్యేంతసేపు టేబుల్‌ను చదవనివ్వదు కూడా. రెండోది దాదాపు నడుస్తుండగానే చేస్తుంది. రెండూ కొత్త ప్రతి రాసి పాతది పారేస్తాయి కాబట్టి ఆ సమయానికి అదనపు చోటు అడుగుతాయి. మీ లైన్ల టేబుల్‌కు మిగిలే 18.6 జీబీ, ఇండెక్సులకు 16 జీబీ, మొత్తం కనీసం 35 జీబీ ఖాళీ లేకుండా ఆ పని మొదలుపెట్టకూడదు. ఏడెనిమిది జీబీల టేబుల్ స్థలం కోసం అంత తిప్పలు అవసరమా అన్నది ఆలోచించండి. నేనైతే చేయను. ఆ టేబుల్ ఇప్పుడు ఏడాదికి 3 జీబీ పెరుగుతుందనుకుంటే, లోపల ఖాళీ అయిన 7.4 జీబీ రెండున్నర సంవత్సరాలు కొత్త లైన్లకు సరిపోతుంది, ఫైలు కదలదు. మేనేజరు గారికి చెప్పాల్సిన లాభం ఇదే: డిస్కు తగ్గదు, కొన్ని టేబుళ్లు కొంతకాలం పెరగవు.

ఇండెక్సుల విషయం కొంచెం వేరు. బిల్లు నంబరు, తేదీ లాగా పెరుగుతూ పోయే వాటి మీద ఉన్న ఇండెక్సులో పాత ఎంట్రీలు ఒకే చోట ఉంటాయి, పేజీలు పూర్తిగా ఖాళీ అయి తిరిగి వాడకానికి వస్తాయి. డీలరు కోడ్, సరుకు కోడ్ మీద ఉన్న వాటిలో పాతవీ కొత్తవీ ఒకే పేజీలో కలిసి ఉంటాయి, తొలగించాక ప్రతి పేజీ పలచబడుతుంది గానీ ఏదీ పూర్తిగా ఖాళీ కాదు. అటువంటివి రీఇండెక్స్ చేస్తేనే, అంటే ఇండెక్సును కొత్తగా కట్టిస్తేనే, తగ్గుతాయి. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి దాన్ని వాడకం ఆపకుండా చేయవచ్చు. కాబట్టి డిస్కు మీద నికరంగా చూపించగల మొదటి లాభం ఇక్కడి నుంచే వస్తుంది, పైగా ఒక్కో ఇండెక్సుగా చేసుకోవచ్చు.

ఆర్కైవ్‌ను అదే సర్వర్‌లో వేరే స్కీమాలో (అదే డేటాబేస్‌లో విడి విభాగం) పెట్టే ఆలోచన మీ ప్రశ్న చివర్లో ఉంది. అలా చేస్తే మిగిలేది ఏమీ లేదు, పైగా పాత టేబుల్‌లో ఖాళీ, కొత్త టేబుల్‌లో ప్రతి, రెండూ మోయాలి. ఫైళ్లుగా ఎగుమతి చేసి కుదించి వేరే చోట పెట్టండి. ఎంత తగ్గుతుందో 2014 జూన్ ఒక్క నెలతో చేసి చూసి ఆ నిష్పత్తిని వాడండి, ఎక్కడో చదివిన నిష్పత్తి వద్దు. డేటాబేస్ ప్రతులు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. రెండో సర్వర్, టెస్ట్ సర్వర్, శిక్షణ కోసం ఎవరో తీసుకున్న ప్రతి, ఇవన్నీ ఉంటే 34 జీబీ అన్ని చోట్లా వర్తిస్తుంది. బ్యాకప్‌లు ఇప్పటికే కుదించినవి కాబట్టి వాటిలో అంత రాదు.

మరి 610 జీబీని తగ్గించే దారి ఏది? ఇతరాలు అన్న 14 జీబీలో 11 జీబీ, 2017 జూన్ చివర్లో జీఎస్టీ మార్పుకు ముందు తీసిన టేబుళ్ల నకళ్లని పేర్లను బట్టి తెలుస్తోంది. వాడకంలో లేవని తేలితే వాటిని పూర్తిగా డ్రాప్ చేయండి, అంటే టేబుళ్లనే తీసేయండి, డ్రాప్ చేసిన టేబుల్ స్థలం వెంటనే డిస్కుకు వస్తుంది. పది నిమిషాల పనికి, ఆర్కైవ్ మొత్తం ఇచ్చేదానిలో మూడో వంతు. ఆ తర్వాత 268 జీబీ స్కాన్ పత్రాలు. అవి ఇప్పటికే జేపెగ్, పీడీఎఫ్ రూపంలో కుదించి ఉన్నాయి, డేటాబేస్‌లో ఉండడం వల్ల మీకు లాభం లేదు. రెండేళ్లు దాటిన వాటిని ఫైల్ సర్వర్‌కు మార్చి, డేటాబేస్‌లో ఫైలు ఉన్న దారి, ఫైలు మారలేదని సరిచూసే చెక్‌సమ్ మాత్రం ఉంచండి. అందులో రెండేళ్ల లోపువి ఎంతో మీ జాబితాలో లేదు కాబట్టి అంకె రాయడం లేదు, కానీ మీ 285కు దగ్గరగా వెళ్లగలిగే టేబుల్ ఇదొక్కటే. సవరణల లాగ్‌ను తొలగించే ప్రశ్నే లేదు, దాన్ని భద్రపరిచారా లేదా అన్నది ఆడిటరు తన నివేదికలో చెప్పాలి. దాన్ని నెలల వారీ పార్టిషన్లుగా (విడి ముక్కలుగా) చేసి పాత నెలలను చవకైన డిస్కు మీది టేబుల్‌స్పేస్‌కు, అంటే అక్కడ డేటాబేస్‌కు కేటాయించిన చోటుకు, మార్చుకోవచ్చు.

బిల్లు లైన్ల టేబుల్‌ను కూడా ఈ సందర్భంలోనే ఆర్థిక సంవత్సరాల వారీ పార్టిషన్లుగా మార్చే వీలుంటే మార్చండి. అప్పుడు వచ్చే ఏడాది 2017-18ను తీయాలంటే తొలగింపులు, లాగ్, వాక్యూమ్ ఏవీ ఉండవు. ముడి తెగని బిల్లులను వేరే పార్టిషన్‌లో ఉంచి, మిగిలిన సంవత్సరం విడదీసి డ్రాప్ చేస్తే సరిపోతుంది. ఇదే ప్రశ్నతో ఒరాకిల్ వాడేవారు ఎవరైనా చదువుతుంటే, మీ దగ్గర కూడా తొలగింపు హై వాటర్ మార్క్‌ను (టేబుల్ ఇప్పటిదాకా వాడిన చోటు హద్దును) దించదని, టేబుల్‌ను కుదించాక కూడా డేటాఫైలు చివరన ఇంకేదైనా టేబుల్ ముక్క కూర్చుని ఉంటే ఫైలు తగ్గదని గుర్తుంచుకోండి.

అంకె మీద సంతకం చేసే ముందు, గత ఆదివారం బ్యాకప్‌ను టెస్ట్ సర్వర్‌లో పునరుద్ధరించి 2012-13 ఒక్క సంవత్సరాన్ని పూర్తిగా ఆర్కైవ్ చేయండి. పునరుద్ధరించిన ప్రతి ఎలా తీసుకున్నారన్నది ముఖ్యం: డంప్ (డేటాను మాత్రమే ఎగుమతి చేసిన ఫైలు) నుంచి ఎక్కిస్తే టేబుళ్లు కొత్తగా, ఖాళీలు లేకుండా తయారవుతాయి, అసలు సర్వర్ పరిస్థితి కనిపించదు, అందువల్ల ఫైళ్ల స్థాయి బ్యాకప్‌నే వాడండి. ముందూ వెనుకా టేబుల్, ప్రతి ఇండెక్సు, లాగ్, డిస్కు కొలతలు తీసి ఇక్కడ పెడితే, నా 34లో ఊహించిన ఆ ఐదింట నాలుగు వంతులను మీ అంకెతో మార్చి లెక్క తిరిగి చేసి ఇస్తాను.